కిడ్నీ మార్పిడికి ముందు యాంటీబాడీ ఇంజెక్షన్: అక్కకు ఏటీజీ అంటున్నారు, చుట్టాలబ్బాయికి వేరేది ఇచ్చారు. ఎందుకీ తేడా?

ప్రొద్దుటూరు తమ్ముడు:
అందరికీ నమస్కారం. మా అక్కకు 36 ఏళ్లు. బీపీ వల్ల కిడ్నీలు రెండూ దెబ్బతిని కడపలో డయాలసిస్ చేయించుకుంటోంది. మా బావ కిడ్నీ ఇస్తున్నాడు. ఇద్దరిదీ ఒకే బ్లడ్ గ్రూపు, క్రాస్ మ్యాచ్ (దాత కణాల మీద దాడి చేసేవి అక్క రక్తంలో ఉన్నాయా అని చూసే పరీక్ష) నెగటివ్ వచ్చింది. ఆపరేషన్ బెంగళూరులో. కొత్త కిడ్నీని శరీరం తోసెయ్యకుండా ముందే యాంటీబాడీ ఇంజెక్షన్ ఇస్తామని, మీ అక్కకైతే ఏటీజీ అవసరమని మొన్న డాక్టరు గారు చెప్పారు. సంతకం పెట్టమని కాగితం కూడా ఇచ్చారు.

మా చుట్టాలబ్బాయికి పోయినేడు వాళ్లమ్మ కిడ్నీ ఇచ్చింది. వాడికి బాసిలిక్సిమాబ్ అని రెండు డోసులు ఇచ్చారట, జ్వరం కూడా రాలేదట. 'మీకెందుకు అంత పవరున్న మందు' అని వాళ్లు అడుగుతున్నారు. పైగా ఏటీజీని కుందేళ్ల నుంచి తీస్తారని ఎవరో చెప్పారు. అప్పటి నుంచి మా అమ్మ సరిగ్గా అన్నం తినడం లేదు.

ఆపరేషన్ ఒకటే అయినప్పుడు మందు ఎందుకు మారింది? అక్క పరిస్థితి మాకు చెప్పినదానికంటే ప్రమాదంగా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

నంద్యాల టీచరమ్మ:
తమ్ముడూ, ముందు అమ్మగారిని అన్నం తినమని చెప్పు. నాకు మా అమ్మ కిడ్నీ ఇచ్చింది, నాకూ బాసిలిక్సిమాబే ఇచ్చారు. థియేటర్‌కు తీసుకెళ్లే ముందు ఒకటి, మళ్లీ నాలుగో రోజు ఒకటి. ఒక్కోటి 20 మిల్లీగ్రాములు. చిన్న సీసాలో తెల్ల పొడి ఉంటుంది. నర్సు అందులో నీళ్లు కలిపి, సీసాను కుదపకుండా నెమ్మదిగా తిప్పి కరిగించింది. ఎక్కించేటప్పుడు నాకు ఏమీ తెలియలేదు. కానీ నాకు ఇచ్చారు కాబట్టి మీ అక్కకూ అదే ఇవ్వాలని నేను చెప్పలేను. అక్కకు పిల్లలున్నారా? ఎప్పుడైనా రక్తం ఎక్కించారా?

ప్రొద్దుటూరు తమ్ముడు:
ఇద్దరు పిల్లలక్కా. డయాలసిస్ మొదలైన కొత్తలో హిమోగ్లోబిన్ బాగా పడిపోతే రక్తం కూడా ఎక్కించారు. డాక్టరు గారు కూడా ఇవే ప్రశ్నలు రెండు మూడు సార్లు అడిగారు. ఎందుకో అప్పుడు మాకు అర్థం కాలేదు.

కర్నూలు డయాలసిస్ టెక్:
మీ ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. బిడ్డలో సగం తండ్రి పోలిక. అంటే తండ్రి కణాల మీద ఉండే హెచ్‌ఎల్‌ఏ గుర్తుల్లో సగం బిడ్డకు వస్తాయి. కడుపుతో ఉన్నప్పుడు, కాన్పు సమయంలో బిడ్డ కణాలు కొన్ని తల్లి రక్తంలో కలుస్తాయి. తల్లి శరీరం ఆ గుర్తులను పరాయివిగా గుర్తుపెట్టుకుని వాటి మీద దాడి చేసే యాంటీబాడీలు తయారు చేసుకునే అవకాశం ఉంది. ఇప్పుడు మీ అక్కకు వస్తున్నది అదే మనిషి కిడ్నీ, అవే గుర్తులు. రక్తం ఎక్కించినప్పుడూ ఇంతే, దాత తెల్ల కణాల వల్ల యాంటీబాడీలు పుట్టవచ్చు.

మీ చుట్టాలబ్బాయి సంగతి వేరు. తల్లి గుర్తుల్లో సగం పుట్టుకతోనే వాడిలో ఉన్నాయి. వాడికి కాన్పు ప్రసక్తి లేదు, రక్తం కూడా ఎక్కించి ఉండకపోవచ్చు. ఇద్దరినీ పోల్చడం కుదరదు.

ఈ చర్చ చదువుతున్న డయాలసిస్ కుటుంబాలకు ఒక మాట. మార్పిడి చేయించుకునే ఆలోచన ఉంటే, అత్యవసరమైతే తప్ప రక్తం ఎక్కించుకోవద్దు. ఐరన్ ఇంజెక్షన్, రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్ సమయానికి వేయించుకుంటే చాలామందికి రక్తం అవసరమే రాదు. 'నీరసంగా ఉంది, ఒక బాటిల్ రక్తం పెట్టండి' అని అడిగేవాళ్లను మా యూనిట్‌లో రోజూ చూస్తుంటాను. ఆ ఒక్క బాటిల్ వల్ల రేపు సరిపోయే దాత దొరకడం కష్టం కావచ్చు. తప్పనిసరి అయితే తెల్ల కణాలు వడపోసిన రక్తం అడగండి. దాంతో ముప్పు కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

అనంత ల్యాబ్:
క్రాస్ మ్యాచ్ నెగటివ్ అంటే అంతా సరిపోయిందని చాలామంది అనుకుంటారు. నేను ఆ ల్యాబ్‌లోనే పనిచేశాను కాబట్టి చెబుతున్నా. పాత పద్ధతిలో దాత రక్తం నుంచి తెల్ల కణాలు వేరు చేసి, రోగి సీరంలో కలిపి, పైన కాంప్లిమెంట్ (యాంటీబాడీ అంటుకున్న కణాలను చంపే ప్రోటీన్లు) వేస్తాం. రోగి రక్తంలో దాతకు వ్యతిరేకంగా యాంటీబాడీలు గట్టిగా ఉంటే ఆ కణాలు చచ్చిపోతాయి. రంగు వేసి సూక్ష్మదర్శినిలో లెక్కబెడతాం. దీన్ని సీడీసీ అంటారు. (ఇందులో వాడే కాంప్లిమెంట్ కూడా కుందేలు సీరం నుంచే వస్తుంది. అంటే మీ అక్క పరీక్షలో కుందేలు ఇప్పటికే సాయం చేసింది.)

యాంటీబాడీలు కొంచెమే ఉంటే సీడీసీలో దొరక్కపోవచ్చు. ఫ్లో క్రాస్ మ్యాచ్ ఇంకా సూక్ష్మంగా పట్టుకుంటుంది. సింగిల్ యాంటిజెన్ బీడ్ పరీక్షలో అయితే దాతకు సరిగ్గా గురిపెట్టిన యాంటీబాడీ ఉందా, ఎంత ఉంది అని అంకెతో సహా తెలుస్తుంది. దాతకు గురిపెట్టిన ఆ యాంటీబాడీనే డీఎస్‌ఏ అంటారు. మీ ఫైలులో సీడీసీ ఒక్కటే ఉందా, మిగతావి కూడా ఉన్నాయా చూడండి. బిడ్డల తండ్రి భార్యకు కిడ్నీ ఇస్తున్నప్పుడు ఈ రెండూ చూడకుండా ముందుకు పోవడం నాకు నచ్చదు.

ప్రొద్దుటూరు తమ్ముడు:
ఫైలు ఇప్పుడే చూశానన్నా. సీడీసీ, ఫ్లో రెండూ నెగటివ్. డీఎస్‌ఏకు రక్తం పంపారట, రిపోర్టు ఇంకా రాలేదు.

సీమ నెఫ్రో:
నేను కిడ్నీ డాక్టర్నే. మీ అక్క రిపోర్టులు చూడలేదు కాబట్టి మందు ఎంపికపై తీర్పు చెప్పను. అసలు విషయం మాత్రం వివరంగా చెబుతాను.

1954లో బోస్టన్‌లో జోసెఫ్ ముర్రే బృందం చేసిన తొలి విజయవంతమైన కిడ్నీ మార్పిడిలో దాత, గ్రహీత ఇద్దరూ ఒకే పోలికున్న కవలలు. జన్యువులు ఒకటే కాబట్టి శరీరం కిడ్నీని తోసేసే రిజెక్షన్ సమస్య రాలేదు. కవల కాకపోతే కిడ్నీ ఎవరిదైనా పరాయిదే. దాన్ని ముందుగా గుర్తించి దాడికి దిగేవి టీ కణాలు అనే తెల్ల రక్తకణాలు. మొదటి కొన్ని నెలల్లోనే ఆ దాడి భయం ఎక్కువ. అందుకని రోజూ వేసుకునే మాత్రలకు తోడు, ఆపరేషన్ వేళకే టీ కణాలను అదుపులో పెట్టే యాంటీబాడీ ఇస్తాం. దాన్నే ఇండక్షన్ అంటాం.

మనుషులకు వాడడానికి అనుమతి పొందిన మొట్టమొదటి మోనోక్లోనల్ యాంటీబాడీ (ఒకే లక్ష్యానికి గురిపెట్టేలా తయారు చేసిన యాంటీబాడీ) మా కిడ్నీ వాళ్ల కోసం వచ్చిందే. 1986లో అమెరికాలో అనుమతి వచ్చింది, పేరు ఓకేటీ3. ఎలుక కణాల నుంచి తయారు చేసేవారు. రిజెక్షన్‌ను బాగా ఆపేది, కానీ ఎక్కించగానే విపరీతమైన జ్వరం, వణుకు, కొందరికి ఊపిరితిత్తుల్లో నీరు. ఇప్పుడు వాడకంలో లేదు. 1998లో బాసిలిక్సిమాబ్ వచ్చింది. అందులో ఎక్కువ భాగం మనిషి ప్రోటీనే కాబట్టి శరీరం తేలిగ్గా తట్టుకుంటుంది. టీ కణం దాడికి సిద్ధమైనప్పుడు దాని మీద సీడీ25 అనే గ్రాహకం లేస్తుంది. ఐఎల్-2 అనే సంకేతం అక్కడ అందితేనే ఆ కణం ఒకటి పదై, పది వందై పెరుగుతుంది. బాసిలిక్సిమాబ్ ఆ గ్రాహకాన్ని కొన్ని వారాలపాటు మూసేస్తుంది. కణం చావదు, సంఖ్య పెరగదు.

ఏటీజీ పని తీరు వేరు. మనిషి థైమస్ (టీ కణాలు ఎదిగే గ్రంథి) కణాలను కుందేలుకు ఎక్కిస్తే, కుందేలు వాటిమీద రకరకాల యాంటీబాడీలు తయారు చేస్తుంది. వాటిని శుద్ధి చేస్తే వచ్చే మందే థైమోగ్లోబ్యులిన్ అనే ఏటీజీ. ఇది టీ కణాలను నేరుగా తగ్గించేస్తుంది. అవి మళ్లీ కోలుకోవడానికి నెలలు పడుతుంది. కిడ్నీకి రక్షణ ఎక్కువ, ఇన్ఫెక్షన్ల భయమూ ఎక్కువే.

2006లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఈ రెండింటినీ పోల్చిన అధ్యయనం వచ్చింది. చనిపోయిన దాతల కిడ్నీలు తీసుకున్న, రిస్క్ ఎక్కువున్న 278 మంది మీద చేశారు. ఏడాదిలో రిజెక్షన్ ఏటీజీ తీసుకున్నవారిలో 15.6 శాతం, బాసిలిక్సిమాబ్ తీసుకున్నవారిలో 25.5 శాతం. ఇన్ఫెక్షన్లు మొత్తంగా ఏటీజీ వైపు ఎక్కువ. ఏడాది చివరికి కిడ్నీ నిలవడంలో, ప్రాణాలు నిలవడంలో పెద్ద తేడా లేదు. 2009 నాటి కేడీగో అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా మామూలు రిస్క్‌కు బాసిలిక్సిమాబ్ తరహా మందు, రిస్క్ ఎక్కువుంటే ఏటీజీ తరహా మందు అన్నాయి. కాబట్టి మీ అక్క ప్రాణాపాయంలో ఉందని కాదు. బావ కిడ్నీని ఆమె శరీరం ముందే చూసి ఉండవచ్చని డాక్టరు జాగ్రత్తపడుతున్నారు.

ప్రొద్దుటూరు తమ్ముడు:
సార్, చాలా థ్యాంక్స్. ఇంట్లో అందరికీ చదివి వినిపించాను. బావకు ఇప్పుడు కొత్త బెంగ పట్టుకుంది, 'నావల్లే దానికి ఇంత మందు ఇయ్యాల్సి వస్తోంది' అంటున్నాడు.

నంద్యాల టీచరమ్మ:
మీ బావగారికి చెప్పు, తన కిడ్నీ ఇస్తున్న మనిషి అలా అనకూడదని. పిల్లలు పుట్టడం తప్పెలా అవుతుంది?

గుంతకల్లు రైల్వే:
నాకు మా అన్న కిడ్నీ ఇచ్చాడు. హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసింది. నాకు ఈ యాంటీబాడీ ఇంజెక్షన్లేవీ ఇవ్వలేదు, మాత్రలతోనే నడిచిపోయింది. కిడ్నీ పనితీరు చూపే క్రియాటినిన్ ఇప్పటికీ 1.2. ఖరీదైన ఇంజెక్షన్లు అందరికీ రాసెయ్యడం వెనుక బిల్లు ఆలోచన ఉండదా? డాక్టరు గారు ఏమీ అనుకోవద్దు.

సీమ నెఫ్రో:
అనుకోవడానికేముంది, అడగాల్సిన ప్రశ్నే. తోబుట్టువుతో హెచ్‌ఎల్‌ఏ పూర్తిగా కలిసి, యాంటీబాడీలు లేకపోతే చాలా సెంటర్లు ఇండక్షన్ ఇవ్వవు. రిజెక్షన్ రాకుండా రోజూ వేసుకునే టాక్రోలిమస్, మైకోఫినోలేట్, స్టెరాయిడ్ మూడూ సరిగ్గా వాడే ఈ రోజుల్లో రిస్క్ తక్కువున్నవాళ్లకు బాసిలిక్సిమాబ్ వల్ల కలిగే అదనపు లాభం చిన్నదే అని మాలోనూ వాదన ఉంది. ఆ వాదనలో బలం ఉందనే నేనూ అనుకుంటాను. కానీ మీ లెక్క ఈ అమ్మాయికి పనికిరాదు. ఆమె దాత భర్త, ఆమె ఇద్దరు పిల్లల తల్లి, రక్తం ఎక్కించుకున్న మనిషి. ఇక్కడ ఇండక్షన్ మానేసి ఖర్చు తగ్గించుకుంటే, రేపు రిజెక్షన్ వచ్చినప్పుడు బయాప్సీ, ఆసుపత్రిలో పడక, మళ్లీ ఇదే ఏటీజీ చికిత్సగా వాడాల్సి రావడం, అన్నీ కలిసి ఎక్కువ ఖర్చవుతుంది. కిడ్నీ పోయినా పోవచ్చు.

ధర్మవరం మగ్గం:
నేను ఏటీజీ తీసుకున్నవాణ్ణి. ఎలా ఉంటుందో చెబితే వాళ్లమ్మకు ధైర్యం వస్తుందని రాస్తున్నా.

మందుకు గంట ముందు స్టెరాయిడ్ ఇంజెక్షన్, పారాసిటమాల్, అలర్జీ మాత్ర ఇచ్చారు. మెడ దగ్గర పెట్టిన పెద్ద లైనులోంచి, మధ్యలో సన్నని ఫిల్టర్ పెట్టి, మొదటి డోసు ఆరు గంటలకు పైగా మెల్లగా ఎక్కించారు. రెండో గంటలో చలి మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి, రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు. నర్సమ్మ డ్రిప్ వేగం తగ్గించింది, ఇంకో ఇంజెక్షన్ వేసింది, కాసేపటికి సర్దుకుంది. తర్వాతి డోసుకు అంత రాలేదు. రోజూ పొద్దున రక్తం తీసి తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు చూసేవాళ్లు. నా ప్లేట్‌లెట్లు 75 వేల కంటే దిగినప్పుడు డోసు సగం చేశారు.

కొన్ని నెలల తర్వాత జ్వరం, విరేచనాలు పట్టుకున్నాయి. సీఎంవీ వైరస్ అన్నారు. మందుతో తగ్గింది. మా ఊళ్లో వైరల్ ఫీవరని సూది వేస్తానన్నారు కానీ నేను వేయించుకోకుండా బెంగళూరుకు ఫోన్ చేశాను. తమ్ముడూ, ఈ ఒక్క విషయం గట్టిగా పట్టుకోండి. జ్వరం 100 దాటితే ఏ టైమైనా సరే మార్పిడి చేసినవాళ్లకే ఫోన్ చేయాలి.

ఇప్పుడు మగ్గం మీద కూర్చుని పని చేసుకుంటున్నా. పట్టుచీర నేస్తున్నా.

పెన్నాతీరం:
కుందేలు గురించి అమ్మకు ఇలా చెప్పు. మన పల్లెల్లో పాముకాటుకు వేసే విరుగుడు మందు గుర్రం నుంచి వస్తుంది. గుర్రానికి విషం కొంచెం కొంచెంగా ఎక్కించి, దాని సీరంలో పుట్టిన యాంటీబాడీలు తీసి శుద్ధి చేస్తారు. పొలంలో పాము కరిచినవాడికి ఆ మందు వద్దని ఏ తల్లీ అనలేదు. ఇదీ అలాంటిదే. కుందేలు రక్తం ఎక్కించరు, అందులోంచి వడపోసి శుద్ధి చేసిన ప్రోటీన్ ఒక్కటే ఇస్తారు.

సీమ నెఫ్రో:
పెన్నాతీరం చెప్పింది సరిగ్గా ఉంది. ఒక్కటి కలుపుతాను. కుందేలు ప్రోటీన్ అలర్జీ ఉన్నవాళ్లకు ఏటీజీ ఇవ్వకూడదు. అక్క ఎప్పుడైనా కుందేళ్లు పెంచి ఉంటే, వాటి దగ్గర దద్దుర్లు, ఆయాసం వచ్చి ఉంటే డాక్టరుకు తప్పక చెప్పండి.

ధర్మవరం మగ్గం గారు చెప్పిన సీఎంవీ చాలామందిలో నిద్రపోతూ ఉండే వైరస్సే. టీ కణాలు తగ్గగానే లేస్తుంది. అందుకే ఏటీజీ తర్వాత వాల్‌గాన్‌సిక్లోవిర్ కొన్ని నెలలు, న్యుమోసిస్టిస్ న్యుమోనియా రాకుండా కోట్రైమాక్సజోల్ ఇస్తాం. మన దేశంలో టీబీ మీద కూడా కన్నేసి ఉంచాలి. ఈ ఇన్ఫెక్షన్ల భయంతోనే ఇక్కడి సెంటర్లు చాలావరకు విదేశాల్లో ఇచ్చేంత మొత్తం ఏటీజీ ఇవ్వవు. కిలో బరువుకు ఎంత, మొత్తం ఎన్ని డోసులు అని మీ డాక్టరును అడగండి, చెబుతారు.

ఆదోని మెడికల్స్:
ఫార్మసీ వైపు నుంచి రెండు మాటలు. బాసిలిక్సిమాబ్ అయినా ఏటీజీ అయినా 2 నుంచి 8 డిగ్రీల మధ్యే ఉండాలి. గడ్డకట్టినా పనికిరాదు. బయట తక్కువ ధరకు దొరుకుతుందని మనుషుల చేత తెప్పించుకునేవాళ్లు ఉన్నారు. మే నెలలో మన ఎండకు బస్సులో, చేతిసంచిలో వచ్చిన సీసాను నమ్మి శరీరంలోకి ఎక్కించుకోవద్దు. ఆసుపత్రి ఫార్మసీ ద్వారానే తీసుకోండి, బ్యాచ్ నంబరు ఫైలులో రాయించుకోండి.

ఇంజెక్షన్ అయిపోయింది కదా అని మాత్రల విషయంలో అలసత్వం వద్దు. టాక్రోలిమస్ 12 గంటలకు ఒకసారి, గడియారం చూసి వేసుకోవాలి. రక్తంలో ఆ మందు ఎంతుందో చూసే లెవెల్ పరీక్ష రోజు పొద్దుటి మాత్ర వేసుకోకుండా వెళ్లి, రక్తం ఇచ్చాకే వేసుకోవాలి. ముందే వేసుకుంటే అంకె ఎక్కువ చూపిస్తుంది, దాన్ని నమ్మి డోసు తగ్గిస్తే అక్కకే నష్టం. క్లారిత్రోమైసిన్, ఫ్లూకొనజోల్ లాంటివి టాక్రోలిమస్‌ను పెంచేస్తాయి, టీబీకి వాడే రిఫాంపిసిన్ దించేస్తుంది. గ్రేప్‌ఫ్రూట్ జాతి పండ్లు వద్దు. ఇమ్యూనిటీ పెంచుతామని అమ్మే కషాయాలు, తిప్పతీగ మాత్రలు ఇంటి గడప తొక్కకూడదు. ఇక్కడ ఇమ్యూనిటీని అదుపులో పెట్టడమే వైద్యం. నొప్పి మాత్రలు సొంతంగా కొనొద్దు.

బ్రాండ్ కూడా తరచూ మార్చకండి. మార్చాల్సి వస్తే లెవెల్ మళ్లీ చూపించుకోండి. మా షాపుకు వచ్చేవాళ్లకు రోజూ ఇదే చెబుతుంటా.

రాయచోటి చిన్నోడు:
నెలకొక ఇంజెక్షన్ వేసుకుంటే మాత్రలే అక్కర్లేదని యూట్యూబ్‌లో చూశాను. నిజమేనా సార్? మా నాయనకు మార్పిడి అయ్యింది, మాత్రలంటే విసుక్కుంటాడు.

సీమ నెఫ్రో:
అది బెలాటాసెప్ట్ గురించి అయి ఉంటుంది. 2011లో అమెరికాలో అనుమతి వచ్చింది. అది టాక్రోలిమస్ తరహా మందు స్థానంలో మాత్రమే వస్తుంది, మిగతా మాత్రలు కొనసాగుతాయి. గతంలో ఈబీవీ వైరస్ సోకనివాళ్లకు అస్సలు ఇవ్వకూడదు, లింఫోమా అనే క్యాన్సర్ ముప్పు ఉంది. మీ నాయనగారి చేత మాత్రలు మాన్పించొద్దు. మొదటి ఏడాది దాటాక నేను చూసే రిజెక్షన్లలో మాత్రలు ఎగ్గొట్టినవాళ్లే ఎక్కువ. నొప్పి ఉండదు, మూత్రం వస్తూనే ఉంటుంది, క్రియాటినిన్ మాత్రం లోలోపల పెరిగిపోతుంది.

ప్రొద్దుటూరు తమ్ముడు:
డీఎస్‌ఏ రిపోర్టు వచ్చింది. బావకు వ్యతిరేకంగా ఒక యాంటీబాడీ తక్కువ స్థాయిలో ఉందట. ఆపరేషన్‌కు అడ్డం కాదు కానీ ఏటీజీయే ఇస్తామని, తక్కువ మొత్తంతో సరిపెడతామని, ఆపరేషన్ తర్వాత కూడా డీఎస్‌ఏ మళ్లీ చూస్తామని డాక్టరు గారు చెప్పారు. అదే ఎక్కువ స్థాయిలో ఉంటే ప్లాస్మా మార్పిడి చేసి యాంటీబాడీలు తగ్గించడమో, ఇంకో జంటతో దాతలను మార్చుకోవడమో చేసేవాళ్లట. అనంత ల్యాబ్ అన్నా, ఆ పరీక్ష గురించి మీరు చెప్పబట్టే మేము అడగగలిగాం. అమ్మకు పాము మందు సంగతి చెప్పాక కుదుటపడింది. సంతకాలు పెట్టేశాం.

అక్క పిల్లలకు టీకాలు వేయించవచ్చా? అక్కకు ముందే వేయించాల్సినవి ఉన్నాయా? బావ వాళ్లమ్మ కూడా అడుగుతోంది, ఆయనకు ఇలాంటి ఇంజెక్షన్లేమైనా ఉంటాయా అని.

అనంత ల్యాబ్:
రెండు దాత-రోగి జంటల మధ్య దాతల మార్పిడికి 2011 సవరణ తర్వాత మన చట్టంలోనే వీలుంది. మీకు ఆ అవసరం రాలేదు, సంతోషం.

సీమ నెఫ్రో:
అక్కకు హెపటైటిస్ బి, న్యుమోకాకల్, ఫ్లూ టీకాలు ఆపరేషన్‌కు ముందే పూర్తి చేయించండి. మార్పిడి తర్వాత మందుల ప్రభావంలో టీకా సరిగ్గా పట్టదు. చికెన్‌పాక్స్ లాంటి లైవ్ టీకా అవసరమైతే కనీసం నాలుగు వారాల ముందే వేయాలి, ఆపరేషన్ తర్వాత ఆమెకు లైవ్ టీకాలు వద్దు. పిల్లలకు వాళ్ల టీకాలు వేయించొచ్చు, వేయించాలి కూడా. పోలియో చుక్కలు మాత్రం అక్క ఉన్న ఇంట్లో వద్దు, వాటి బదులు ఇంజెక్షన్ రూపంలో ఉన్న టీకా అడగండి. పంటి సమస్యలుంటే ఇప్పుడే చూపించేయండి.

బావగారికి యాంటీబాడీ ఇంజెక్షన్లు లేవు, రిజెక్షన్ మాత్రలు లేవు. మిగిలిన కిడ్నీ ఆయనదే. కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు. ఏడాదికొకసారి బీపీ, క్రియాటినిన్, మూత్రంలో ప్రోటీన్ చూపించుకోవాలి. అందరూ అక్క చుట్టూ తిరుగుతుంటే దాత పరీక్షలు మరుగునపడిపోవడం నేను చాలాసార్లు చూశాను. డిశ్చార్జి రోజే ఆయనకూ వేరే ఫైలు తెరిపించండి.